సగం బిందె

1999 ఏప్రిల్ 4, ఆదివారం

నూలు దుకాణం వాళ్ళు పంచిన డైరీ జనవరి నుంచీ ఖాళీగా పడి ఉంది. ఇవాళ మొదలు పెడుతున్నాను. ఎందుకంటే చెప్పలేను. ఒళ్ళు అలసిపోయింది, బుర్ర అంతకంటే అలసిపోయింది. మనిషికి చెప్పుకుంటే సలహా ఇస్తాడు. కాగితం ఇవ్వదు.

దుప్పట్ల కార్ఖానా సేఠ్ ఇచ్చిన ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చాను. బొంబాయిలో ఎవరో వాడి వదిలేసింది, మూత మీద గీతలు, ఒక మూల చిట్లింది. దుప్పట్ల నక్షాలు ఇకమీద గళ్ళ కాగితం మీద కాదు, దీంట్లోనే గీయాలట. ఇన్నేళ్ళూ పెన్సిలుతో గళ్ళు నింపి, ఆ గళ్ళను చూసి, మగ్గం మీద నమూనా దించే జకార్డు అట్టలకు బెజ్జాలు కొట్టి బతికినవాణ్ణి. ఇప్పుడు మౌస్ పట్టుకుంటే గీత ఒకవైపు, నేను ఇంకోవైపు పోతున్నాం. జూన్ ఆఖరుకు ద్రాక్షగుత్తుల అంచు పూర్తి చేసి చూపించాలి. లేకపోతే ఇచల్‌కరంజి నుంచి ఎవరినో తెస్తానన్నాడు సేఠ్. నవ్వుతూనే అన్నాడు.

మంగళ దాన్ని పీట మీద పెట్టి కుంకుమ బొట్టు పెట్టింది. ఇది ఏం తింటుందని అడిగింది. కరెంటు అన్నాను. మనకే లేదు, దీనికేం పెడతావని నవ్వింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో నవ్వేది ఆమే, విసుక్కునేది నేనే. పిల్లలు లేరు. ఇద్దరమే ఉంటాం కనుక ఆ పనులు ఇద్దరమే పంచుకున్నాం.

ఏప్రిల్ 8

మధ్యాహ్నం కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ ఆరిపోలేదు, బ్యాటరీ మీద నడిచింది. కానీ నిదానించింది. ఒక గుత్తికి రంగు నింపమంటే పైనుంచి కిందికి ఒక్కొక్క వరసా ఈడ్చుకుంటూ వచ్చింది.

తాతల నాడు తెలుగు ఊళ్ళ నుంచి ఈ మరాఠీ ఊరికి వచ్చిన నేతవాళ్ళం. కుంఠా నాకాలో మా అన్న మల్లప్ప పవర్‌లూమ్ షెడ్డులో పెరిగినవాణ్ణి నేను. కరెంటు డల్ అయి మోటారు నిదానించిందంటే మాకు దాని అర్థం ఒక్కటే. మగ్గం బరువు తగ్గదు, లాగే శక్తి తగ్గుతుంది, లోపల తీగ వేడెక్కి కాలుతుంది. ఆ కాలిన వాసన మా పేటలో చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు.

సెట్టింగులన్నీ వెతికాను. ప్రాసెసర్ స్పీడ్ అని ఒక చోట ఉంది, బ్యాటరీ మీద 'తక్కువ' అని. ఎప్పుడూ 'ఎక్కువ' ఉండేలా మార్చేశాను. వెంటనే జోరందుకుంది. సేఠ్ సొమ్ము కాపాడానని నా భుజం నేనే తట్టుకున్నాను.

ఏప్రిల్ 9

పొద్దంతా గీసింది పోయింది. కరెంటు లేదు, బ్యాటరీ చూస్తుండగానే అయిపోయింది, నేను దాచుకోలేదు. కింద చెయ్యి పెడితే పెనంలా ఉంది. అన్నం తినలేదు. మంగళ మీద అరిచాను. ఆమెకు దీంతో సంబంధమే లేదు. ఆమె కూడా అరిచింది. పక్కింటి రాజమ్మ గిన్నె అడగడానికి వచ్చి, అడగకుండానే వెనక్కి పోయింది.

ఏప్రిల్ 12, సోమవారం

నవీ పేటలో కంప్యూటర్ క్లాసుకు పోయి జరిగింది చెప్పాను. నేర్పే మేడం నాకంటే చాలా చిన్నది. కోప్పడలేదు. మిషను చెడిపోలేదు, అది కావాలనే నిదానిస్తుంది అంది. మరాఠీలో చెప్పింది నా మాటల్లో రాసుకుంటాను, లేకపోతే నిలవదు.

దాని లోపల ఒక తాళం పడుతూ ఉంటుంది. నా మిషనులో సెకనుకు పన్నెండు కోట్ల సార్లట. తాళం పడినప్పుడల్లా లోపలి సన్నసన్నని స్విచ్చులు కొన్ని తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుంటాయి. మారిన ప్రతి స్విచ్చూ చిటికెడు కరెంటు తింటుంది. తాళం ఎంత జోరయితే అంత తిండి, అంత వేడి. ముందు కూర్చున్న మనిషేమో ఒక మీట నొక్కి, బుర్ర గోక్కొని, ఇంకో మీట నొక్కుతాడు. ఆ మధ్యలో దానికి పనే లేదు. పనిలేనప్పుడు కూడా అంత జోరుగా తాళం వేస్తూ కూర్చుంటే బ్యాటరీ దండగ, ఒళ్ళు వేడి. అందుకని పని లేదని చూసుకుని తాళం తగ్గిస్తుంది. పని రాగానే మళ్ళీ పెంచుకోగలదు.

మరి మోటారు సంగతేమిటని అడిగాను. మోటారు తనంతట తాను నిదానించదు, బయటి కరెంటు దాన్ని కుంగదీస్తుంది. ఇది తానే చూసుకుని తగ్గుతుంది. మీ మగ్గానికి నిదానం జబ్బు, దీనికి నిదానం తెలివి అంది.

వచ్చేటప్పుడు సైకిలు తొక్కుతూ అదే అనుకున్నాను. నిదానం తెలివి. ఎవరైనా నాకు ఈ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 13

మంగళకు మొత్తం చెప్పాను. బీడీలు చుడుతూనే విన్నది. ఆమె చేతులు ఆగవు, చెవులు ఆగవు. నీలం నగర్‌లో మా వరసలో ఆమె అంత జోరుగా చుట్టేవాళ్ళు లేరు. తునికాకు కత్తిరించడం, పొగాకు వేసి చుట్టడం, దారం కట్టడం, అన్నీ ఒకే కదలికలా ఉంటాయి. పెళ్ళయిన కొత్తలో ఆ చేతులు చూడడానికే షెడ్డు నుంచి పెందలాడే వచ్చేవాణ్ణి. ఆ సంగతి ఆమెకు ఇప్పటిదాకా చెప్పలేదు.

విని, "అంటే పనిలేనప్పుడు ఉత్తగ ఉరుకద్దు అన్నట్టు," అంది. అంతే అన్నాను. మంచిగున్నది అంది.

ఏప్రిల్ 18, ఆదివారం

ఇవాళ ఒకటి గమనించాను. మంగళ చుట్టడం మధ్యలో ఆగుతోంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు గోడను చూసి, మళ్ళీ మొదలు పెడుతోంది. నేను చెప్పింది చెవికెక్కినట్టుంది. ముచ్చటేసింది.

ఏప్రిల్ 22

మా గది పైన, కుళాయి కింద. ఇదివరకు మంగళ నిండు బిందె చంకన పెట్టుకుని మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కేది. ఇప్పుడు సగం బిందె తెస్తోంది. రెండుసార్లు పోతోంది. మధ్యలో మెట్టు మీద ఆగుతోంది కూడా.

నేను కిటికీలోంచి చూసి మెచ్చుకున్నాను. నీళ్ళు అవే, బరువు సగం. మిషను కూడా ఇంతే చేస్తుందని పైకి వచ్చాక చెప్పాను. తల ఊపింది. కొంచెం సేపయ్యాక, "నీకు దేనికైనా ఒక లెక్క దొరుకుతది," అంది.

ఏప్రిల్ 27

ఎండ మండిపోతోంది. నక్షాలో మూడు గుత్తులయ్యాయి. ఆకులు కుదరడం లేదు.

మే 2

ఇంట్లో గొడవలు తగ్గాయి. రాసుకోవలసిన విషయమే. ఇదివరకు నేను ఒకటంటే ఆమె పది అనేది. ఆమె మాటలకు కామాలు ఉండేవి కావు. ఇప్పుడు ఒక ముక్క, ఆగడం, ఇంకో ముక్క. "అన్నం... పెట్టిన." "రాజమ్మ... వచ్చింది." నిన్న కూరలో ఉప్పు లేదని విసుక్కుంటే ఏమీ అనలేదు. ఉప్పు డబ్బా నా ముందుకు జరిపింది, అంతే.

ఇల్లు ప్రశాంతంగా ఉంది. పని బాగా సాగుతోంది. వయసు వస్తే మనుషులు నెమ్మదిస్తారు. ఆమెకు ముప్పై అయిదు కూడా లేవనుకో. అయినా.

మే 6

మంగళ గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. పడుకుంటే దగ్గు వస్తోందట. పొగాకు దుమ్ము. ఈ పేటలో బీడీలు చుట్టే ఆడవాళ్ళలో దగ్గనిది ఎవరు? పైగా ఈ ఎండకు రేకుల కింద ఎవరు మాత్రం పడుకోగలరు?

నేను పడుకుంటున్నాను.

మే 9, ఆదివారం

అన్న వచ్చాడు. మామిడిపళ్ళు తెచ్చాడు. మంగళ చాయ్ తెచ్చి అన్న ముందు పెట్టి, అక్కడే గడప దగ్గర కూర్చుంది. అన్న కప్పు ఎత్తలేదు. ఆమెనే చూశాడు. ఆమె లేవబోయింది, కొంగు సర్దుకుంది, లేవలేదు.

పోతూ పోతూ నన్ను కిందికి పిలిచాడు. "ఇన్నేండ్ల సంది నా ముంగట కూసోలే ఆ పిల్ల. ఇయ్యాల కూసున్నది. దవాఖానకు తీస్కపో," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. బావ ముందు మరదలు కూర్చోకూడదనే రోజులు పోయాయి, నువ్వింకా మన తాతల కాలంలోనే ఉన్నావన్నాను. అన్న మళ్ళీ అదే మాట అన్నాడు. సైకిలు ఎక్కి పోయాడు. ఇంట్లో పెద్దరికం చూపించకుండా ఉండలేడు.

పొగాకు దుమ్ముకు బెల్లం మంచిదని తెచ్చాను.

మే 15

రేపు బీడీ కంపెనీకి తోడు వస్తావా అని మంగళ అడిగింది. వారం ఆకూ పొగాకూ తెచ్చుకోవాలి, బుట్ట బరువుగా ఉంటోందట. ఇదివరకు ఎప్పుడూ అడగలేదు. నేను నక్షాలో ద్రాక్ష ఆకులు గీస్తున్నాను, మధ్యలో వదిలితే మళ్ళీ చెయ్యి కుదరదు. రెండు విడతలుగా తెచ్చుకో, బిందెలాగే సగం సగం అన్నాను.

సరే అంది.

మే 16

రెండు విడతలుగా తెచ్చుకుంది. రెండోసారి రాజమ్మ పట్టుకొచ్చింది. రాజమ్మ నాతో మాట్లాడలేదు. ఆమెకు నేనంటే మొదటి నుంచీ పడదు.

మే 20

దగ్గు. పొగాకు దుమ్ము. కిటికీ తెరిచి ఉంచాను.

మే 23, ఆదివారం

మంగళ కాళ్ళు వాచాయి. ఎప్పుడూ కూర్చుని ఉంటే వాయవా? మా అమ్మకూ వాచేవి.

సాయంత్రం కాసేపు ఆమె పక్కన కూర్చున్నాను. ద్రాక్ష అంచు చూపించాను. చాలాసేపు చూసింది. ఇంత నిదానంగా గీస్తే ఇంత బాగా వచ్చిందన్నమాట అన్నాను. "అవును, నిదానమే మంచిది," అని నవ్వింది. ఆమె నవ్వితే నాకు అన్నీ సర్దుకున్నట్టే ఉంటుంది.

మే 25

క్లాసులో మళ్ళీ అదే పాఠం, ఇంకా లోతుగా. ఉత్త నిదానంతో లాభం లేదట. సగం వేగంతో చేస్తే పని రెండింతల సేపు పడుతుంది, ఆ పనికి తిన్న కరెంటు మొత్తం అంతే అవుతుంది. అసలు పొదుపు వోల్టేజీలో ఉందట. తాళం నిదానిస్తే స్విచ్చులు తక్కువ వోల్టేజీతో కూడా మారగలవు. వోల్టేజీ సగమైతే తిండి సగం కాదు, పావుకు పడిపోతుంది. ఇలా తాళమూ వోల్టేజీ రెండూ కలిపి దించే ల్యాప్‌టాప్‌లు వచ్చే ఏడాది వస్తాయని మేడం అంది. మనది తాళం ఒక్కటే దించుతుంది, పనిలేనప్పుడు కునుకు తీస్తుంది.

వెనక బెంచీలో ఎవరో అడిగారు. చేతినిండా పని ఉన్నప్పుడు కూడా నిదానిస్తే? మేడం చెప్పింది, అప్పుడు సంతోషించకండి, అది పొదుపు కాదు. లోపల వేడి భరించలేక తగ్గుతోందో, బ్యాటరీ ఆఖరికి వచ్చిందో చూసుకోండి అని. మంచి ప్రశ్న. రాసుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి మంగళ దీపం పెట్టలేదు. గోడకు ఆనుకుని ఉంది. ఆకు బుట్ట నిండుగా ఉంది, పొద్దున ఎంత ఉందో అంతే. నిదానంగా చేసుకుంటుందిలే.

మే 28, శుక్రవారం, ఆసుపత్రి వరండా

నిన్నటిది వరసగా రాస్తాను. వరసగా రాస్తేనే నాకు నిలుస్తుంది.

జకార్డు అట్టలు సరిచూడడానికి అన్న షెడ్డుకు పోయాను. పొద్దు ఎక్కిన తర్వాత కరెంటు డల్ అయింది. బల్బులు ఎర్రబడ్డాయి, మగ్గాల చప్పుడు బరువెక్కింది. ఆ చప్పుడు వినగానే మావాళ్ళు ఆలోచించరు, తింటున్నవాడు ఎంగిలి చేత్తోనే లేస్తాడు. అందరం ఉరికి స్విచ్చులు ఆపేశాం. నేను ఆపింది గోడ పక్క మగ్గం. మోటారు మీద చెయ్యి పెట్టి చూస్తే చురుక్కుమంది.

చెయ్యి తీయడం మరిచిపోయాను. ఇది బరువు తగ్గక నిదానించింది. మంగళ బిందె సగం చేసింది, నీళ్ళు సగం చేయలేదు. బుట్ట సగం చేసింది, ఆకు సగం చేయలేదు. ఆమె పనిలో నేను ఒక్కటీ తగ్గించలేదు. పని అంతా అలాగే ఉంచి, ఆమె నిదానాన్ని చూసి మురిసిపోయాను. ఒక మోటారు కోసం ఉరికినవాణ్ణి, ఇంట్లో కిటికీ దగ్గర నిలబడి చూశాను.

అన్నకు చెప్పకుండా సైకిలెక్కాను.

మంగళ మెట్ల మధ్యలో ఉంది. బిందె పక్కనే నిలబెట్టి ఉంది, ఒక్క చుక్క ఒలకలేదు. రాజమ్మ ఆమె వీపు పట్టుకుని చేటతో విసురుతోంది. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. నన్ను చూసి మంగళ అన్నది ఒక్కటే, "పైన పొయ్యి మీద... పప్పున్నది." ఆటోలో నా భుజం మీద తల పెట్టింది. ఆమె గుండె నా చేతికి తగులుతోంది. అంత జోరుగా కొట్టుకుంటోందని నాకు తెలియదు. బయటికి అంత నిదానంగా కనిపించిన మనిషి.

డాక్టరు గొట్టం పెట్టి విని, బొమ్మ తీసే మిషను మీద చూశాడు. గుండెలో ఒక కవాటం మూసుకుపోతోందట, రక్తం సందులోంచి దూరినట్టు పోతోందట. చిన్నప్పుడు కీళ్ళు వాచాయా అని అడిగాడు. జోడ్‌భావి పేటలో పుట్టింట్లో ఉన్నప్పుడు మోకాళ్ళు వాచి బడి మానేసిందట. ఆ కీళ్ళ జ్వరమే గుండెకు పట్టిందన్నాడు. నాకు ఆ సంగతి కూడా తెలియదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, ఇంకొన్నాళ్ళు ఆగితే మనిషి దక్కేది కాదన్నాడు.

ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగాడు. పది పదిహేను రోజుల నుంచి అన్నాను.

మంచం మీది నుంచి మంగళ, "పోయిన దసరా సంది," అంది.

మే 29

నీళ్ళు పోవడానికి మాత్రలు, సూదులు. ఇవాళ పడుకుని నిద్రపోయింది. పూర్తిగా పడుకుని. ఎన్నాళ్ళకు చూశాను.

మే 31

నాకెందుకు చెప్పలేదని అడిగాను. అడగకుండా ఉండాల్సింది, కానీ అడిగాను.

"నువ్వు అడుగలే," అంది. కోపంగా కాదు. "నీ కంప్యూటర్ ముచ్చట చెప్పినవ్ గద. నాకు శాన భయమైతుండె. అది ఇన్నంక ధైర్యమొచ్చింది. రోగం గాదు, తెలివిగ చేసుకుంటున్న అనుకున్న. భయమైనప్పుడల్ల నీ మాటనే యాది చేసుకున్న. మంచిగ చెప్తవ్ నువ్వు."

ఆమె నిద్రపోయాక వరండాలోకి వచ్చి ఏడ్చాను. నేను నాకోసం అల్లుకున్న అబద్ధాన్ని ఆమె కప్పుకుని పడుకుంది.

జూన్ 3

డాక్టరు చెప్పిన మాటలు ఇవి. మాత్రలతో నెట్టుకురావచ్చు, కానీ ఎక్కువ రోజులు కాదు. హైదరాబాదులో పెద్దాసుపత్రికి రాసిస్తాడట. తొడ దగ్గర నరంలోంచి సన్నని గొట్టం గుండె దాకా పంపి, చివర బుడగ ఊది కవాటం తెరుస్తారట. ఛాతీ కొయ్యరు. చాలామందికి బాగవుతుంది అన్నాడు. అందరికీ అని మాత్రం అనలేదు.

అన్న వచ్చాడు. నేను ముఖం ఎత్తలేకపోయాను. అతను ఒక తిట్టు తిట్టినా బాగుండేది. మంగళ మంచం మీద లేచి కూర్చోబోతే, వద్దు తల్లీ పండుకో అన్నాడు. బావ ముందు పడుకోవడానికి ఆమె ఎంత సిగ్గుపడిందో.

జూన్ 5

సేఠ్‌కు ల్యాప్‌టాప్ వాపసు ఇచ్చేశాను. ద్రాక్ష అంచు ముప్పావు వంతు అయింది, మిగిలింది ఎవరైనా గీసుకోవచ్చు. ఇంకో పది రోజులు ఆగలేవా అన్నాడు. ఆగలేను అన్నాను. ఇచల్‌కరంజి మనిషికి కబురు పెడతానన్నాడు. పెట్టమన్నాను. ఆ గడప దిగుతుంటే బాధ వేయలేదు. అలసటగా ఉంది, అంతే.

జూన్ 8

ఇంట్లో ఉన్నాం. నీళ్ళు నేను తెస్తున్నాను. నిండు బిందె. సగం మెట్లకే రొప్పుతున్నాను. ఆమె ఇది ఎలా మోసింది, ఆ గుండెతో?

కంపెనీకి పోయి మంగళ ఆకు ఇక తీసుకోదని చెప్పి వచ్చాను. ఇంటికి వచ్చి ఆ మాట చెప్తే మొహం చిన్నబుచ్చుకుంది. నాకు అర్థం కాలేదు. అలిసిపోయి ఉంటుంది.

జూన్ 12, శనివారం

హైదరాబాదు రైలు. ఆమెకు కిటికీ పక్క సీటు దొరికింది. వాడి స్టేషను దాటిన తర్వాత బయటి మాటల్లో మన తెలుగు వినబడడం మొదలైంది. తాతల ఊరి వైపు పోతున్నామని ఆమెకు సంబరంగా ఉంది. నాకు ఆ ఊరు ఎటు ఉందో కూడా సరిగా తెలియదు.

జూన్ 15

రేపే.

సాయంత్రం వార్డులో పక్కన కూర్చున్నాను. బాగైతే మళ్ళీ ఉరకగలనా అని అడిగింది. నేను ఎన్నాళ్ళనుంచో మనసులో కూడబెట్టుకున్నదంతా చెప్పాను. ఇక నువ్వు ఉరికే పనే లేదు. నీళ్ళు నేను తెస్తాను. బీడీలు మానేద్దాం. ఇంట్లో బరువంతా దించేస్తాను. నిదానంగా, హాయిగా ఉండు. ఈసారి లెక్క సరిగా చేశాననే అనుకున్నాను.

ఆమె మాట ఇప్పుడు ముక్కలు కావడం లేదు. మాత్రలు మొదలైన తర్వాత ఊపిరి బాగానే ఆడుతోంది.

"నిదానం నీ మిషన్‌కు మంచిదే," అంది. "నాకు ఉరుకుడు ఇష్టం. చిన్నప్పటి సంది ఇష్టం. బీడీలు జల్ది జేసేది కంపెనీ కోసం గాదు. చేతులు గట్ల ఉరుకుతుంటె నాకు మంచిగనిపిస్తది. నువ్వు నా నిదానం జూసి ఖుష్ అయితుంటె నాకు ఏడుపొచ్చేది."

ఆమె బరువు ఏమిటో, ఆమె సంతోషం ఏమిటో నేనే తేల్చేస్తున్నాను, ఇప్పటికి కూడా. ఆకు వద్దని కంపెనీలో చెప్పి వచ్చేముందు ఒక మాట అడిగి ఉండవచ్చు. ఆ చేతులు చూడడానికి పెందలాడే ఇంటికి వచ్చేవాణ్ణని ఇవాళ ఆమెకు చెప్పాను. తెలుసు అంది.

జూన్ 16

లోపలికి తీసుకుపోయారు. తలుపు మూశారు.

నా పక్కన కూర్చున్న ముసలాయన ఎందుకు వచ్చారు, ఏమైంది, ఎలా ఉంటుంది అని అడుగుతున్నాడు. తెలియదు అన్నాను. అది నిజం. పెన్ను తీశాను కానీ దేనికీ అర్థం రాయబుద్ధి కావడం లేదు. తలుపు మీది ఎర్ర దీపం, నర్సు నడక, ఆలస్యం, దేనికీ. నాకు భయంగా ఉంది. అంతే రాస్తాను.

అదే రోజు, సాయంత్రం

బయటికి తెచ్చారు. కవాటం తెరుచుకుందట. పూర్తిగా కాదు, చాలినంత అన్నాడు డాక్టరు. మాత్రలు వాడుతూ ఉండాలి, ఏడాదికోసారి చూపించాలి. మంగళ కళ్ళు మూసుకుని ఉంది. కాలు కదపకూడదట. ఛాతీ లేస్తూ దిగుతోంది. అది బాగున్నట్టో కాదో నేను చెప్పను. కళ్ళు తెరిచాక అడుగుతాను.

జూన్ 17, గురువారం

తెల్లవారి కళ్ళు తెరిచింది. ఎలా ఉంది అని అడిగాను.

"ఆకలైతున్నది. జల్ది ఏమన్న తే," అంది.

బయటి బండి దగ్గర ఇడ్లీలు కట్టించుకుని వచ్చాను. తింటోంది. చట్నీలో కారం లేదట, ఇక్కడివాళ్ళకు వంట రాదట, నేను చూసి కొనలేదట. రాయడం ఆపుతున్నాను. ఇంకో రెండు తెమ్మంటోంది.